ఎర్ర బిళ్ళ

కాలరక్క టీ నిలబడి తాగుతోందంటే ఏదో ఉందని గుండీల పిన్ని రెండో రోజే పసిగట్టింది. టీ వేళకి ఆ హాల్లో ఆడవాళ్ళంతా స్టూళ్ళు వెనక్కి జరుపుకుని, కాళ్ళు బారజాపుకుని, పావుగంట సుఖపడతారు. కాలరక్క మాత్రం గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర కొంగలా నిలబడుతోంది.

"ఏమే, స్టూలు కరుస్తోందా?" అంది పిన్ని.

"నడుం నొప్పి పిన్నీ."

"నడుం నొప్పైతే నడుం పట్టుకుంటారు. నువ్వు పళ్ళు బిగపట్టుకుంటున్నావు."

కాలరక్క టీ గుటుక్కున మింగేసి కిటికీలోంచి బయటికి చూసింది. బయట చూడటానికి ఎదురుగోడ తప్ప ఏమీ లేదు.

చొక్కాలు కుట్టే చోటది. అక్కడ ఎవరినీ సొంత పేరుతో పిలవరు, చొక్కాలో ఏ భాగం కుడితే అదే పేరు. కాలరు అంటే అన్నిటికన్నా నేర్పున్న చెయ్యి. రెండు ముక్కలు కలిపి కుట్టి, మూల దగ్గర బట్ట సన్నగా కత్తిరించి, తిరగేసి, మొండి పుల్లతో మొనని బయటికి తొయ్యాలి. మొన ఒక్క నూలుపోగు పక్కకి పోయినా చొక్కా మొత్తం వంకరగా కనిపిస్తుంది. "మొహం తర్వాత జనం చూసేది నా పనే" అని కాలరక్క గొప్పలు పోతుంది. ఆ గొప్పలో అబద్ధమేమీ లేదు.

ఆమె మిషను బల్లకి ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క మడిచి పెడతారు, మధ్యాహ్నానికల్లా అది నలిగిపోతుంది, బల్ల ఊగుతుంది. పన్నెండేళ్ళుగా ఊగుతూనే ఉంది కానీ ఇప్పుడా ఊపు స్టూలు దాకా వచ్చి, ఏ చోట తగలకూడదో సరిగ్గా ఆ చోటే తగులుతోంది.

ఇక ఎర్ర బిళ్ళ సంగతి. సూపర్‌వైజరు మేడమ్ బల్ల పక్కన గోడకి ఒక మేకు, మేకుకి తాడు, తాడుకి అరచేతిలో ఇమిడే దళసరి ప్లాస్టిక్ బిళ్ళ. దొడ్డికి వెళ్ళాలంటే అది మెళ్ళో వేసుకుని వెళ్ళాలి. ఇరవైనలుగురికి అదొక్కటే. తీసుకోవద్దని మేడమ్ ఎవరినీ అన్న పాపాన పోలేదు. తీసేటప్పుడు తలెత్తి గడియారం చూస్తుంది, తిరిగి పెట్టేటప్పుడు మళ్ళీ తలెత్తి గడియారం చూస్తుంది, అంతే. ఆ చూపుకి జడిసి ఆడవాళ్ళంతా ఒకరితో ఒకరు అనుకోకుండానే ఒక ఉపాయం కనిపెట్టారు. నీళ్ళు తాగటం మానేశారు.

ఆ సాయంత్రం కాలరక్క డాక్టరమ్మ దగ్గర తెర వెనక బల్ల మీద పక్కకి తిరిగి పడుకుని, గోడకి పెచ్చులూడిన చోటే చూస్తూ ఉంది. పరీక్ష అయ్యాక డాక్టరమ్మ చేతితొడుగులు తీసేసి చేతులు కడుక్కుంది.

"మళ్ళీ చీలిందమ్మా. నేనిచ్చిన మందు రాశావా?"

"రాశానండి. తొమ్మిది రోజులకల్లా నొప్పి పోయింది."

"పోతే?"

"మానేశానండి. తగ్గాక ఇంకెందుకులే అని."

కోప్పడుతుందనుకుంది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నువ్వు కుట్టుపని చేస్తావు కదూ? అసలు కుట్టు వెయ్యకుండా పైపైన టాకాలేసిన చొక్కా ఎవరికైనా ఇచ్చి పంపిస్తావా?"

"అదెలాగండీ! టాకా నిలుస్తుందా? చెయ్యి పైకెత్తితే విడిపోదూ?"

"మరి నువ్వు చేసిందదే. నొప్పి పోవటమంటే టాకా పడ్డట్టు. అసలు కుట్టు పడటానికి ఆరు వారాలు, ఒక్కోసారి ఎనిమిది. అక్కడ కండ బిగుసుకుపోయి పుండుకి రక్తం ఆడటం లేదు. ఈ మందు ఆ బిగువు వదిలిస్తుంది. మూడు పూటలా బఠాణీ గింజంత రాయి. ఎక్కువ రాస్తే తొందరగా మానదు, తలనొప్పి వస్తుంది. పొద్దున్నా సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో పది నిమిషాలు కూర్చో. దొడ్లో కూర్చుని ముక్కకు. పళ్ళు, ఆకుకూరలు తిను. నీళ్ళు బాగా తాగు. తాగుతున్నావా?"

"తాగుతున్నానండి" అని కాలరక్క నిక్షేపంలా అబద్ధం ఆడేసింది. "మధ్యాహ్నం పూట పనిలో ఉంటానండి, రెండు పూటలు రాసుకుంటే చాలదూ?"

"పనికి వెళ్ళేటప్పుడు నీ ఒళ్ళు ఇంట్లో వదిలేసి వెళ్తావా?" అంది డాక్టరమ్మ కాగితం మీద రాస్తూనే. "రెండు వారాల తర్వాత రా. దారిలో పడితే సరే. ఈసారీ ఇలాగే ఉంటే ఆపరేషను గురించి మాట్లాడుకుందాం. చిన్నదే, భయం లేదు."

భయం ఆపరేషను గురించి కాదు. సెలవు పెట్టినవాళ్ళ మిషను మీద మర్నాడే ఇంకొకరు కూర్చుంటారు. తిరిగొచ్చాక హాలు చివర పొడుగుబల్ల దగ్గర నిలబడి, వేరేవాళ్ళు కుట్టిన కాలర్లకి దారాలు కత్తిరించుకోవాలి. పన్నెండేళ్ళు మొనలు తీర్చిన చేతికి అది ఉరిశిక్షలా తోచింది కాలరక్కకి.

మర్నాడు పొద్దున్న స్నానాలగది తలుపు ముందు అత్తగారు నిలబడి ఉంది.

"చంటిపిల్లలు లేని ఇంట్లో తొట్టిలో ఎవరే స్నానం చేస్తున్నది?"

"నడుం నొప్పికి అత్తయ్యా. కాపడం."

"నడుం మునగాలంటే ఆ తొట్టి చాలదు. అందులో మునిగేదేదో నాకు తెలుసులే."

కాలరక్కకి చెవులు కాలిపోయాయి. మొగుడు లారీ మీద పోయి పది రోజులైంది, ఫోనులో ఆయనకీ నడుం నొప్పనే చెప్పింది. తేలు కుట్టిన దొంగకైనా ఇంత కష్టం ఉండదు. గదిలోకి పోయి తలుపేసుకుని, కొత్త ట్యూబు మీద కాగితం గోటితో గీకి గీకి ఊడబెరికింది. ఎక్కడ రాసుకోవాలో దాని మీద పెద్ద అక్షరాలతో అచ్చేశారు మరి, మహానుభావులు. బోడి ట్యూబుని చేతిగుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది, పనిలో ఉన్నంతసేపూ మిషను సొరుగులో దాచేది.

మొదటి రెండు రోజులూ తల పగిలిపోయింది. రాసుకున్న అరగంటకి కణతల దగ్గర మొదలై, మిషను చప్పుడుతో పాటు టకటకా కొట్టుకునేది. పొద్దున దొడ్లో కూర్చుంటే గాజుపెంకు దిగినట్టు మంట, లేచాక కూడా గంటసేపు అదే మంట. కింద ఆ బాధ, పైన ఈ బాధ, మధ్యలో కాలర్లు. మధ్యాహ్నం మందు రాసుకోవటానికని మేకు దగ్గరికి వెళ్ళి బిళ్ళ మెళ్ళో వేసుకుంటే మేడమ్ గడియారం చూసింది. నాలుగు నిమిషాల్లో తిరిగొచ్చి తగిలిస్తే మళ్ళీ చూసింది. మళ్ళీ ఆ మేకు దగ్గరికి వెళ్ళాల్సొస్తుందని కాలరక్క సీసాలో నీళ్ళు సీసాలోనే ఉంచి ఇంటికి తీసుకెళ్ళింది. మందు రాసుకుంటోంది, తొట్టిలో కూర్చుంటోంది, పళ్ళు తింటోంది, నీళ్ళొక్కటే తాగటం లేదు. ఒక చేత్తో కుడుతూ ఇంకో చేత్తో విప్పుకుంటున్నానని తనకీ తెలుసు.

మూడో రోజుకి తలనొప్పి తెరిపిచ్చింది. కాస్త ఊపిరి పీల్చుకుంది.

నాలుగో రోజు పొద్దున మిషను కీచుమంది. మెకానిక్ బాబాయిని పిలవమని పక్కమిషను చేతులక్కకి చెప్పి, కాలరక్క కత్తిరించిన ముక్కల కట్టలు తెచ్చుకోవటానికి కింద అంతస్తుకి వెళ్ళింది. వచ్చేసరికి కీచుమనటం పోయింది, బాబాయి కూడా వెళ్ళిపోయాడు. చేత్తో చక్రం తిప్పి చూసింది. మెత్తగా తిరిగింది.

తెల్లబట్ట ఆ రోజు. గంటసేపు కుట్టింది. మిషను వేడెక్కింది. నలభయ్యో కాలరు తిరగేసి మొన తోస్తుంటే వేలికి జిడ్డు తగిలింది. వెలుతురుకేసి పట్టి చూసింది. కుట్టు పొడుగునా లేత పసుపు మరక. దాని కింది కాలరుకీ అంతే. దాని కిందిదానికీ. సూది కడ్డీ మీదుగా ఏదో కరిగి బొట్టు బొట్టుగా దిగుతోంది.

ఆమె చెయ్యి ఆగటం చూసి మేడమ్ లేచి వచ్చింది. కట్టలోంచి నాలుగు కాలర్లు తీసి చూసింది. మొహం మాడిపోయింది.

"ఏం పోశారు దీంట్లో? బాబాయిని పిలవండి!"

బాబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆ హాల్లో మిషన్లన్నిటికీ ఆయనే దిక్కు. మాటలో నిదానం, చూపు కాస్త మందం.

"నూనె కాదమ్మా, గ్రీజే పెట్టాను. నా డబ్బా నిండుకుంది. ఈ అమ్మాయి సొరుగులో ఉంది, మంచి సరుకు, తెల్లగా వెన్నలా ఉంది" అని జేబులోంచి బోడి ట్యూబు తీసి చూపించాడు. అది చివరిదాకా నొక్కేసి, తోక చుట్టేసి ఉంది.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"ఏంటిది?" అంది మేడమ్. "దీని మీద పేరెందుకు చింపేశావు? మిషను పాడుచేసే సరుకు సొరుగులో పెట్టుకుని ఏం చేస్తున్నావు? ఓనరు పెద్దాయన పైనుంచి దిగితే నేనేం చెప్పను? లే. పొడుగుబల్ల దగ్గరికి వెళ్ళు. మిషను ఇంకెవరైనా చూస్తారు."

హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. కాలరక్క లేచింది. లేవటంలో ఎప్పటి పోటే మళ్ళీ పొడిచింది. ఆ పోటుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నీళ్ళ వెనకే కోపం తన్నుకొచ్చింది. ఇంత పడి, ఇంత దాచి, చివరికి పొడుగుబల్లా?

"అది మందు మేడమ్" అంది.

"ఏం మందు?"

"నా ముడ్డి చీలింది. దానికి రాసుకునే మందు."

బాబాయి ట్యూబుని మిషను మీద అతి జాగ్రత్తగా పెట్టి, రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకున్నాడు.

"ఎందుకు చీలిందో అడగండి" అంది కాలరక్క. "గట్టిపడి చీలింది. ఎందుకు గట్టిపడిందో అడగండి. నీళ్ళు తాగక. ఎందుకు తాగలేదో అదిగో, ఆ మేకుకి వేలాడుతోంది చూడండి. సిగ్గుపడి కాగితం చింపుకున్నాను, అది నా తప్పే. ఒప్పుకుంటా. మిగతాది నాది కాదు. మీరైనా సరే, పొద్దున్నుంచి ఎన్ని నీళ్ళు తాగారు మేడమ్? చెప్పండి."

మేడమ్ నోరు తెరిచింది. పెదాలు ఎండిపోయి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. అలవాటు కొద్దీ గడియారం వైపు చూసింది.

గుండీల పిన్ని స్టూలు జరిపిన చప్పుడైంది. "నాదీ అదే బాధ" అంది నిలబడి. "మూడేళ్ళు. నేను దాన్ని మొలలనుకుని ఎవరేం చెబితే అది రాసుకున్నా."

"నాకు ఉచ్చలో మంట" అంది చేతులక్క కూర్చున్న చోటునుంచే. "నీళ్ళు తాగమనే చెప్పారు."

ఇంకో మూల నుంచి ఇంకో గొంతు. ఆ వెనక ఇంకొకటి. ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చుని కుట్టినవాళ్ళు ఒకరి మొహం ఒకరు కొత్తగా చూసుకున్నారు.

బాబాయి దగ్గాడు. "తప్పు నాదమ్మా. అడక్కుండా తీశాను. పెద్దాయనకి నేనే చెప్పుకుంటా." నిజం చెప్పకపోతే పాపమన్నట్టు అన్నాడు: "కానీ ఒకటి. నా సర్వీసులో ఏ మిషనూ ఇంత మెత్తగా తిరగలేదు."

ముందు పిన్ని నవ్వింది. తర్వాత చేతులక్క. ఆ నవ్వు హాలు ఈ చివర నుంచి ఆ చివరికి పాకింది. ఏడవాలో నవ్వాలో తెలియక కాలరక్క రెండూ చేసింది. మేడమ్ నవ్వలేదు. మరక కాలర్లు పొందిగ్గా దొంతి పెట్టుకుని, "నీ మిషను దగ్గరే ఉండు" అని చెప్పి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

నవ్వైతే నవ్వారు కానీ మందు పోయింది. సాయంత్రం రెండు దుకాణాలు తిరిగింది. లేదు, ఎల్లుండి వస్తుందన్నారు. ఇంటికొచ్చి గుమ్మంలోనే చతికిలబడబోయి, కూర్చోలేనని గుర్తొచ్చి, తలుపుకి ఆనుకుని నిలబడి అత్తగారితో మొత్తం చెప్పేసింది. ట్యూబు, బిళ్ళ, నీళ్ళు, ఆపరేషను, అన్నీ.

అత్తగారు అంతా విని చెప్పులేసుకుంది.

"చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుందని ఊరికే అన్నారా? డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం ఇలా ఇయ్యి. నేనొచ్చేదాకా నువ్వు ఆ తొట్టిలోంచి లేవకు."

గంటన్నరకి తిరిగొచ్చింది, చేతిలో ట్యూబుతో. నాలుగో దుకాణంలో దొరికిందట. "వాడు ముందు లేదనే అన్నాడు. నా కోడలికి ముడ్డి చీలిందయ్యా, మనిషి కూర్చోలేక చస్తోంది, లోపల వెతుకు అని గట్టిగా చెప్పాను. దుకాణం దుకాణమంతా వెతికి పెట్టారు."

"అంత గట్టిగా చెప్పావా అత్తయ్యా!"

"మెల్లగా చెబితే వెతుకుతారా?"

మర్నాడు కాలరక్క ట్యూబు మీద కాగితం చింపలేదు. మిషను పక్కన నిండు సీసా పెట్టుకుంది. టీ వేళ కాకముందే సగం తాగింది. చూస్తే పిన్ని దగ్గరా ఒక సీసా ఉంది. చేతులక్క దగ్గరా ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, వెనకటి ఉపాయానికీ చెప్పుకోలేదు కదా.

పదిన్నరకి చేతులక్క బిళ్ళ వేసుకుని వెళ్ళింది. ఆమె ఇంకా రాకముందే కాలరక్కకి అవసరం పడింది. లేచి మేకు దగ్గరికి వెళ్ళింది. ఖాళీ మేకు. ఒక్క క్షణం నిలబడి, దాన్ని దాటుకుని అలాగే తలుపు వైపు నడిచింది. వీపు మీద మేడమ్ చూపు ఆనినట్టే అనిపించింది. వెనక ఎవరూ పిలవలేదు. వచ్చేటప్పుడు చూస్తే మేడమ్ తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. ఆమె బల్ల మీద కూడా ఒక సీసా ఉంది, మూత తీసి.

సాయంత్రానికి అట్టముక్క నలిగి బల్ల ఊగటం మొదలైంది. బాబాయి వంగి కాలు పైకెత్తి, "అట్ట ఆగదమ్మా దీనికి, గట్టిగా దళసరిగా ఏదన్నా కావాలి" అన్నాడు.

మేడమ్ లేచింది. మేకు దగ్గరికి వెళ్ళి బిళ్ళ తీసింది. తాడు కత్తిరించి చెత్తబుట్టలో పడేసి, బిళ్ళ తెచ్చి బాబాయి చేతిలో పెట్టింది.

"ఇది సరిపోతుందేమో చూడండి."

బాబాయి దాన్ని బల్లకాలి కింద దూర్చి బరువు ఆనించాడు. కాలరక్క మిషను తొక్కింది. బల్ల కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కింది. రాయిలా నిలబడింది.

"సరిపోయింది" అన్నాడు బాబాయి.

మేడమ్ తల పంకించి తన చోటుకి వెళ్ళిపోయింది. సారీ అని ఒక్క మాట అనలేదు. కాలరక్క ఎదురు చూడనూ లేదు.

మరో ఐదు రోజులకి, ఒక పొద్దున్న, కాలరక్క దొడ్లో పళ్ళు బిగపట్టుకుని కూర్చుంది. అలవాటైన మంట కోసం కాచుకుంది. రాలేదు. కాసేపాగి, వస్తుందేమోనని మళ్ళీ కాచుకుంది. అసలు పనే అయిపోయింది. నమ్మలేక అక్కడే ఇంకో రెండు నిమిషాలు కూర్చుంది.

"అయిందా?" అంది తలుపవతల అత్తగారు, పురిటిగది బయట నిలబడ్డట్టు.

"అయింది అత్తయ్యా!"

"మంట?"

"లేదు! అస్సలు లేదు!"

"నా తల్లే!" అని అత్తగారు అరిచిన అరుపుకి పక్కింటావిడ కిటికీ తెరిచింది.

రెండు వారాల గడువు నాటికి డాక్టరమ్మ చూసి, "దారిలో పడింది. ఆపరేషను మాట ఇక మర్చిపో" అంది. "మందు ఇంకా నెల్లాళ్ళు. ఈసారి ఏం చేస్తావ్?"

"కుట్టు పడేదాకా ఆపనండి."

మర్నాడు టీ వేళకి కాలరక్క స్టూలు వెనక్కి జరుపుకుని, కూర్చుని, కాళ్ళు బారజాపింది. మడమ బల్లకాలికి తగిలింది. కింద ఎర్ర అంచు కొంచెం బయటికి కనిపిస్తోంది. టీ వేడిగా ఉంది. ఎక్కడా పోటు లేదు. ఇంత మామూలుగా కూర్చోవటంలో ఇంత వైభోగం ఉందని పన్నెండేళ్ళుగా తెలియనే లేదు.

గుండీల పిన్ని గ్లాసు పట్టుకుని పక్క స్టూలు మీద దర్జాగా కూలబడింది. ఆమె కూడా అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి మందు తెచ్చుకుంది.

"నాకు తగ్గిపోయిందే" అంది పిన్ని విజయగర్వంతో. "ఇవాళ్టికి తొమ్మిదో రోజు. నొప్పి లేదు, ఏమీ లేదు. ఆ ట్యూబు ఇంక నువ్వే తీసుకో, నాకెందుకు?"

కాలరక్క గ్లాసు కింద పెట్టింది. మిషను మీద నుంచి సగం కుట్టిన కాలరు అందుకుని, పైన వేసున్న టాకా కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. దారం మొత్తం సర్రున ఊడి చేతిలోకొచ్చింది. రెండు ముక్కలూ విడిపోయి పిన్ని ఒళ్ళో పడ్డాయి.

పిన్ని వాటిని చూసింది, కాలరక్క మొహం చూసింది.

"ఎన్నాళ్ళే?" అంది నీరసంగా.

"ఆరు వారాలు పిన్నీ. మూడు పూటలా. ముందా నీళ్ళు తాగు" అని కాలరక్క తన సీసా ఆమె చేతిలో పెట్టింది.